తుడిచినా పోని మసక: ముందు అద్దానికి లోపల జిడ్డా, బయట గీతలా?

రాత్రిబండి:

ముందు అద్దం లోపలా బయటా గ్లాస్ క్లీనర్ కొట్టి తుడుస్తున్నా రెండు సమస్యలు పోవడం లేదు. ఒకటి, రాత్రి ఎదురుగా వచ్చే బండి లైట్లు పడగానే అద్దమంతా పాలు పులిమినట్టు తెల్లబడి రోడ్డు అంచు కనిపించదు. రెండోది, సన్నటి చినుకులో వైపర్ వెళ్లిన వెనకే ఒక మసక పొర పరుచుకుని రెండు మూడు సెకన్లకు ఆరిపోతుంది. వాన జోరుగా ఉంటే ఇది అంతగా తెలియదు. వైపర్ బ్లేడ్లు కొత్తవే. బండి ఎక్కువగా ఎండలో ఆగి ఉంటుంది. అద్దం మీద అక్కడక్కడా తెల్లటి నీటి మరకలూ ఉన్నాయి. గాజును మెరుగుపెట్టే సన్నటి పొడి సీరియం ఆక్సైడ్‌తో పాలిష్ పట్టిస్తే అన్నీ పోతాయని ఒకరు, అద్దం పాడవుతుందని ఇంకొకరు అంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

పారదర్శి:

పాలిష్ సంగతి ఆఖర్న చూద్దాం. మీరు చెప్పిన రెండింటికీ కారణం ఒకటే కాకపోవచ్చు. వైపర్ వెనక పొర పరుచుకుంటోందంటే అది కచ్చితంగా బయటి వైపు సమస్య. లైట్లకు తెల్లబడడం మాత్రం లోపలి జిడ్డు వల్ల కావచ్చు, బయటి జిడ్డు వల్ల కావచ్చు, సన్న గీతల వల్లా కావచ్చు. ఎటువైపో తెలియకుండా రుద్దితే శ్రమ దండగ.

తేల్చుకోవడం తేలికే. లోపల ఎడమ పక్కన అరచేయంత చోటును ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో బాగా తుడవండి. బయట కుడి పక్కన అంతే చోటును అలాగే తుడవండి. రెండూ ఒకదాని మీద ఒకటి పడకూడదు. చీకటి పడ్డాక బండి ఆపి, వీధి దీపానికి ఎదురుగా కూర్చుని చూడండి. ఎడమ ముక్క తేటగా కనిపిస్తే మురికి లోపల ఉన్నట్టు, కుడి ముక్క తేటపడితే బయట ఉన్నట్టు. రెండూ తేటపడితే రెండు వైపులా పని ఉంది. రెండూ తేటపడకపోతే అవి గీతలో, ఇసుక గుంటలో అయి ఉండాలి. వాటి గురించి వేరే చెప్పుకోవాలి.

ఎండలో నిలిచే బండి అంటున్నారు కాబట్టి లోపలి జిడ్డు తప్పకుండా ఉంటుంది. డాష్‌బోర్డు ప్లాస్టిక్ మెత్తగా ఉండడానికి కలిపే పదార్థాలు వేడికి కొద్దికొద్దిగా ఆవిరై అద్దానికి అంటుకుంటాయి. దాని మీద దుమ్ము, పొగ, ఊపిరి తేమ చేరతాయి. డాష్‌బోర్డు మెరవాలని సిలికాన్ పాలిష్ పూసేవాళ్ల బండ్లలో ఇది ఇంకా ఎక్కువ. ఈ జిడ్డు ఉన్న అద్దానికి ఆవిరి కూడా తొందరగా పడుతుంది. మామూలు గ్లాస్ క్లీనర్ రెండు చుక్కలు కొట్టి ఒకే గుడ్డతో తుడిస్తే జిడ్డు కరుగుతుంది గానీ గుడ్డలోకి పోదు, అద్దమంతా సమంగా పరుచుకుంటుంది. పగలు చూస్తే శుభ్రంగా ఉన్నట్టే ఉంటుంది.

కావలసినవి: 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 100 మి.లీ., డిస్టిల్డ్ వాటర్ 100 మి.లీ. కలిపిన ద్రవం, బొచ్చు లేని శుభ్రమైన మైక్రోఫైబర్ గుడ్డలు నాలుగు. 70 శాతం ఆల్కహాల్ దొరికితే నీళ్లు కలపకుండానే వాడొచ్చు. చేతుల శానిటైజర్ మాత్రం వద్దు. అందులో గ్లిజరిన్ ఉంటుంది, చారలు మిగులుతాయి. ఆల్కహాల్ మండే గుణం ఉన్నది కాబట్టి తలుపులు తెరిచి పెట్టండి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు.

అద్దం చల్లగా, నీడలో ఉండాలి. వేడి అద్దం మీద ద్రవం తుడిచేలోపే ఆరిపోయి చారలు కడుతుంది. ద్రవాన్ని అద్దం మీద కాకుండా గుడ్డ మీద కొట్టండి. అద్దం మీద కొడితే తుంపర డాష్‌బోర్డు మీదా, స్పీకర్ జాలీలోకీ, మధ్య అద్దం వెనక ఉన్న కెమెరా, వాన సెన్సార్ల గూటిలోకీ పోతుంది. ఆ గూడు చుట్టూ పొడి గుడ్డతో మాత్రమే తుడవాలి, కెమెరా కటకాన్ని వేలితో ముట్టుకోకూడదు.

ఎడమ నుంచి కుడికి అడ్డంగా, ఒక గీత మీద సగం ఇంకో గీత పడేలా తుడవండి. గుండ్రంగా తిప్పితే జిడ్డు తిరిగి అక్కడికే చేరుతుంది. మొదటి గుడ్డ జిడ్డు లేపడానికి. దాన్ని నాలుగు మడతలు పెట్టి, ఒక ముఖం మురికైతే ఇంకో ముఖానికి మారండి. వెంటనే రెండో గుడ్డతో, అది పొడిగా ఉండాలి, తేమ తీసేయండి. ఎంతో కాలంగా పట్టించుకోని అద్దానికి ఇదే పని రెండుసార్లు, కొన్నిటికి మూడుసార్లు చేయాలి. మూడోసారికి మొదటి గుడ్డ తెల్లగానే ఉండాలి, అదే కొలత.

అద్దం డాష్‌బోర్డును కలిసే కింది మూల అందదని చాలామంది వదిలేస్తారు. పక్క సీటులో కూర్చుని, గుడ్డను చేతి వెనక వైపు చుట్టి, అరచేయి పైకి పెట్టి చొప్పిస్తే వేళ్లు మూల దాకా పోతాయి. స్టీరింగ్ అడ్డు కాబట్టి డ్రైవర్ సీటులోంచి ఇది కుదరదు. బయట మాత్రం పై నుంచి కిందికి నిలువుగా తుడవండి. తర్వాత ఎక్కడైనా చార మిగిలితే అడ్డంగా ఉందా నిలువుగా ఉందా చూసి అది ఏ వైపుదో తెలుసుకోవచ్చు.

మైక్రోఫైబర్‌ను ఉతికేటప్పుడు ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ వేయకండి. దాని మైనం లాంటి పొర గుడ్డ నుంచి అద్దానికి వస్తుంది. నూలు బట్టలతో కలిపి ఉతికితే పీచు అంటుకుంటుంది. అమ్మోనియా ఉన్న క్లీనర్లు ఫిల్మ్ అంటించిన పక్క అద్దాలకు పనికిరావు, కాలం గడిచేకొద్దీ ఫిల్మ్ చెడుతుంది.

సీరియం58:

లోపలి సంగతి పైన బాగా చెప్పారు. బయట సంగతి నేను చెప్తాను.

బండి కడిగాక పైనుంచి మగ్గెడు నీళ్లు నెమ్మదిగా పోయండి. నీరు ఒకే రేకులాగా కిందికి జారిపోతే అద్దం మీద ఏమీ లేనట్టు. ఒకచోట రేకులా జారి, ఇంకోచోట ముక్కలై విడిపోయి, అంచులు చినిగినట్టు కనిపిస్తే అది జిడ్డు పొర. అద్దమంతా ఒకే తీరున చిన్న గుండ్రటి బొట్లుగా నిలిస్తే ఎవరో నీటిని తోసే కోటింగ్ వేశారని అర్థం. మీ బండిలో వైపర్ వెనక పొర వస్తోందంటే రెండోదే అని నా అనుమానం. డీజిల్ పొగ, తారు, టైర్ల రబ్బరు పొడి, పాత వైపర్ల రబ్బరు, కార్ వాష్‌లో కొట్టే మైనం, సగం అరిగిన కోటింగ్, ఇవన్నీ కలిసి ఆ పొర కడతాయి. కొత్త బ్లేడు దాన్ని తీయలేదు, పరచగలదు అంతే. జోరు వానలో నీటి పొర మందంగా ఉంటుంది కాబట్టి తెలియదు. సన్న చినుకులో నీరు చాలదు, అప్పుడు బయటపడుతుంది.

తీసే క్రమం ఇది. ముందు దుమ్మూ ఇసుకా పోవాలి, అదీ నీళ్లతోనే. గాజు కాఠిన్యం మోహ్స్ కొలతలో 5.5 దాకా ఉంటుంది, ఇసుకలోని క్వార్ట్జ్ 7. అంటే పొడి దుమ్ము మీద పొడి గుడ్డ తోసిన ప్రతిసారీ గాజు కంటే గట్టి రేణువులను దాని మీద లాగుతున్నట్టే. పొద్దున్నే పొడి డస్టర్‌తో దులిపే అలవాటూ, దుమ్ము మీద నీళ్లు లేకుండా వైపర్ వేసే అలవాటూ అద్దానికి చేసేంత చేటు ఇంకేదీ చేయదు. వైపర్ అడుగున ఉండే జాలీ చట్రంలో రాలిన ఆకులూ మట్టీ పేరుకుంటాయి. గాలికి అక్కడి ఇసుకే మళ్లీ అద్దం మీదికి వస్తుంది. చేత్తో తీసేయండి, నీరు పోయే రంధ్రాలు మూసుకుపోకుండా చూడండి.

పిట్టల రెట్ట, పురుగుల మరకలు ఎండిపోయి ఉంటే గోకకండి. తడి గుడ్డ పరిచి పది నిమిషాలు నాననివ్వండి, వాటంతట అవే ఊడివస్తాయి. చెట్ల బంకకు, స్టిక్కర్ జిగురుకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చాలు. అప్పటికీ రాకపోతే ప్లాస్టిక్ బ్లేడు. గిన్నెలు తోమే పచ్చ పీచు మాత్రం వద్దు, అందులో రాపిడి పొడి ఉంటుంది.

తెల్లటి నీటి మరకలు ఎక్కువగా కాల్షియం, మెగ్నీషియం లవణాలు. ఆమ్లానికి కరుగుతాయి. తెల్ల వినెగర్, అంటే 5 శాతం ఎసిటిక్ ఆమ్లం ఉన్నది, సగానికి సగం నీళ్లు కలిపి, గుడ్డ తడిపి మరక మీద ఐదు నుంచి పది నిమిషాలు ఉంచండి. ఆరిపోనివ్వకూడదు. తర్వాత ధారాళంగా నీళ్లు పోసి కడగాలి, బానెట్ రంగు మీదా రబ్బరు అంచుల మీదా ఉండిపోకుండా. ఇలా రెండుసార్లు చేసినా మరక అంచు గీసినట్టు మిగిలితే అది పైన ఉన్న ఉప్పు కాదు. సిలికా అయినా కావాలి, మరక గాజును తినేసి ఉండైనా ఉండాలి. వినెగర్ ఇక దానికి పనిచేయదు.

జిడ్డు పొరకు ముందు క్లే బార్ వాడండి, అంటే అంటుకున్న మురికిని లాగేసే మెత్తటి బంకమట్టి లాంటి ముద్ద. అర లీటరు నీళ్లలో నాలుగైదు చుక్కల కార్ షాంపూ కలిపి అద్దాన్ని బాగా తడపండి. క్లే ముక్కను అరచేతిలో బిళ్లలా చేసుకుని, నొక్కకుండా తిన్నగా పైకీ కిందికీ జరపండి. మొదట గరగరలాడుతూ పట్టుకుంటుంది, తర్వాత జారుతుంది. జారిందంటే ఆ చోటు అయిపోయినట్టు. క్లేను మడిచి కొత్త ముఖం బయటికి తీస్తూ పోవాలి. నేల మీద పడితే మళ్లీ వాడొద్దు, పడేయండి. ఇసుక అందులో ఇరుక్కుంటే మీరు పట్టేది సాన.

క్లే తర్వాత కూడా నీళ్లు రేకులా జారకపోతే అప్పుడు సీరియం ఆక్సైడ్ ఉన్న గ్లాస్ కాంపౌండ్ (గాజు మీద రుద్దే పేస్టు), అది కూడా చేత్తో. తడి స్పాంజికి కొద్దిగా తీసుకుని ఒక్కో అడుగు చదరం చొప్పున రుద్దండి. మొదట్లో జిడ్డున్న చోట కాంపౌండ్ నిలవక తప్పుకుంటుంది. జిడ్డు పోయాక సమంగా అంటుకుంటుంది. అద్దమంతా సమంగా తెల్లబడే దాకా రుద్ది నీళ్లతో కడిగేయడమే. చేత్తో ఇలా చేస్తే గాజు చెప్పుకోదగ్గంత అరగదు. మీకు "మంచిది" అన్నవారు ఈ పని గురించి చెప్పి ఉంటారు.

"పాడవుతుంది" అన్నవారు చెప్పింది గీతలు పోగొట్టడానికి మిషన్ పెట్టి పట్టే పాలిష్ గురించి. అది వేరే వ్యవహారం. ముందు అద్దం రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి అతికించినది. ఫెల్ట్ ప్యాడ్ ఒకేచోట తిప్పినా, పేస్టు ఆరిపోయినా వేడి పుట్టి గాజు పగలొచ్చు. గీత ఒక్కచోటే లోతుగా రుద్దితే అక్కడ పల్లం పడి, ఆ పల్లంలోంచి చూస్తే రోడ్డు వంకర కనిపిస్తుంది. డ్రైవర్ కళ్లకు ఎదురుగా ఉండే భాగంలో ఈ పని చేయించకపోవడమే మంచిది. గోరు పెట్టి గీస్తే తగిలే గీత పాలిష్‌తో పోదు. తగలని సన్న గీతలు తగ్గుతాయి, పూర్తిగా పోతాయని మాత్రం ఆశ పెట్టుకోకండి.

గీతలున్నాయో లేవో అద్దం శుభ్రపడ్డాకే తెలుస్తుంది. చీకట్లో బయట ఒకరు టార్చి ఏటవాలుగా పట్టుకుంటే లోపలి నుంచి చూడండి. వైపర్ దారి వెంట విల్లులా వంగిన గీతలు వైపర్ వల్ల వచ్చినవి. సూది మొనంత చుక్కలు మెరుస్తుంటే అవి హైవే మీద ఇసుక తగిలి పడిన గుంటలు. చుక్కలు మరీ ఎక్కువగా ఉండి, ఎదురు ఎండలో అద్దమంతా తళతళలాడితే పాలిష్‌కు లొంగవు, అద్దం మార్చుకోవాలి.

ట్యాంకుమూత:

పైన చెప్పిన పని అంతా చేసి, వాషర్ ట్యాంకులో గిన్నెల సబ్బు కలిపిన కుళాయి నీళ్లు పోస్తే కొన్నాళ్లకు మళ్లీ మొదటికే వస్తారు. నీటి మరకలున్నాయన్నారు కాబట్టి చెప్తున్నా. గిన్నెల సబ్బు నురగ ఎక్కువ, ఆరాక పొర మిగులుతుంది. లవణాలున్న నీరు నాజిల్ రంధ్రంలో గడ్డకడుతుంది. ఉత్త నీరు నెలల తరబడి నిలిస్తే నాచు పట్టి, ట్యాంకు అడుగున పంపు దగ్గరున్న జల్లెడ మూసుకుపోతుంది.

డిస్టిల్డ్ లేదా ఆర్‌వో నీళ్లలో వాషర్ కాన్సంట్రేట్‌ను డబ్బా మీద రాసిన పాళ్లలోనే కలపండి. చిక్కగా కలిపితే శుభ్రత పెరగదు, చారలు పెరుగుతాయి. ట్యాంకులో పాతది ఉండగా వేరే రకం పోయకండి. మామూలు రకమూ, నీటిని తోసే రకమూ కలిస్తే కొన్నిసార్లు ముద్దకట్టి గొట్టాలు మూసుకుపోతాయి. పాతది పూర్తిగా కొట్టేసి, ఒకసారి ఉత్త నీళ్లతో కడిగి, తర్వాత కొత్తది పోయండి. రేడియేటర్ కూలెంట్ పొరపాటున కూడా అందులో పోయకూడదు, అద్దం మీద జిడ్డు పొర కట్టి రోడ్డు కనిపించదు.

ట్యాంకు ఖాళీ అయ్యాక మీట లాగుతూ ఉంటే పంపు వేడెక్కి కాలిపోతుంది. నీరు రాకపోతే ముందు పంపు శబ్దం వినండి. శబ్దం ఉండి నీరు రాకపోతే నాజిల్ మూసుకుపోయి ఉండాలి, లేదా బానెట్ కింది గొట్టం ఊడి ఉండాలి. సన్న సూదితో నాజిల్ రంధ్రం తెరవండి, కానీ అందులో పూస ఉండే రకమైతే పొడవకండి, దిశ మారిపోతుంది. ధార అద్దం మధ్య కంటే కొంచెం పైన పడాలి. బండి వేగం మీద గాలి దాన్ని కిందికి తోస్తుంది.

ఇక నీటిని తోసే కోటింగ్ గురించి. శుభ్రం చేశాక తప్పకుండా వేయమని చాలామంది చెప్తారు, నేను చెప్పను. గంటకు 60 కి.మీ. దాటాక బొట్లు గాలికి ఎగిరిపోయి బాగానే ఉంటుంది. ఊళ్లో నెమ్మదిగా పోయేటప్పుడు ఆ బొట్లు అలాగే నిలబడి, ప్రతి బొట్టూ ఎదురు లైటును విరజిమ్ముతుంది. సగం అరిగాక వైపర్ ఎగిరెగిరి పడుతుంది.

సీరియం58:

ఈ చివరి మాట ఒప్పుకోను. వైపర్ ఎగరడానికి కారణం చాలాసార్లు కోటింగ్ కాదు, జిడ్డు పోకుండా దాని మీదే పూయడం. శుభ్రంగా రేకులా నీరు జారే అద్దం మీద పలచగా పూసి, డబ్బా మీద చెప్పినంతసేపు ఆరనిచ్చి, మిగిలినది పూర్తిగా తుడిచేస్తే అంత ఇబ్బంది ఉండదు. ఊళ్లోనే తిరిగే బండికి అవసరం లేదన్నంత వరకు సరే.

రాత్రిబండి:

పరీక్ష చేసి చూశాను. లోపలా బయటా రెండు ముక్కలూ తేటపడ్డాయి, రెండు వైపుల పనీ చేస్తాను. ఇంకో రెండు సందేహాలు. వైపర్ పైకి వెళ్లేటప్పుడు బాగానే తుడుస్తుంది, కిందికి వచ్చేటప్పుడే దడదడలాడుతుంది. ఇది కూడా జిడ్డేనా? ఏసీ వేసుకుని వెళ్తుంటే ఒక్కోసారి అద్దానికి ఆవిరి పడుతుంది, గాలిని అద్దం మీదికి కొట్టే డీఫ్రాస్ట్ పెడితే ఇంకా పెరుగుతుంది. ఎందుకు?

బ్లేడుపట్టు:

ఒక దిశలోనే దడదడలాడితే జిడ్డు కంటే ముందు బ్లేడును పట్టి ఉండే కడ్డీ కోణాన్ని అనుమానించాలి. వైపర్ దిశ మారినప్పుడల్లా రబ్బరు పెదవి అటూ ఇటూ వాలాలి, అది లాగబడుతూ వెళ్లాలి గానీ తోయబడుతూ కాదు. కడ్డీ కొద్దిగా మెలి తిరిగి ఉంటే ఒక దిశలో పెదవి వాలకుండా అద్దానికి ఎదురు నిలుస్తుంది. వైపర్ అద్దం మధ్యకు వచ్చినప్పుడు ఇగ్నిషన్ ఆపేసి, పక్క నుంచి చూడండి. కడ్డీ అద్దానికి సమాంతరంగా, రబ్బరు అద్దానికి లంబంగా ఉండాలి. ఒక పక్కకు వాలి ఉంటే మెకానిక్ కడ్డీని పట్టుకుని కొంచెం మెలి సరిచేస్తారు. బ్లేడును పట్టుకుని తిప్పకూడదు, క్లిప్పు విరుగుతుంది.

కొత్త బ్లేడు కదా, రబ్బరు మీద రక్షణకు వేసిన ప్లాస్టిక్ తొడుగు తీశారో లేదో కూడా చూడండి. అది ఉండిపోయిన బండ్లు చాలానే ఉంటాయి. చారను బట్టి కూడా కారణం తెలుస్తుంది. సన్నటి గీతలాంటి చార మిగిలితే రబ్బరు అంచున ఇసుక అంటుకుందో, చిన్న చీలిక పడిందో. వెడల్పాటి పట్టీ తుడవకుండా మిగిలితే అక్కడ ఒత్తిడి చాలడం లేదు. తడి గుడ్డను రబ్బరు అంచు మీద మడిచి పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరకు లాగండి, నల్లమసి రావడం ఆగే దాకా. పెట్రోలు, కిరోసిన్ వద్దు, రబ్బరు ఉబ్బి పాడవుతుంది. ఎండలో ఉండే బండికి రబ్బరు ఆరు నెలల నుంచి ఏడాదిలోపు గట్టిపడుతుంది.

బ్లేడు ఊడదీసినప్పుడు కడ్డీ కింద మందపాటి తువ్వాలు మడిచి అద్దం మీద వేయండి. బ్లేడు లేని కడ్డీ స్ప్రింగ్ బలంతో అద్దం మీద పడితే ఆ లోహపు దెబ్బకే పగులు వస్తుంది. బానెట్ కింద దాగి ఉండే వైపర్లైతే సర్వీస్ స్థానానికి తెచ్చాకే లేపాలి, ఎలాగో బండి మాన్యువల్‌లో ఉంటుంది.

ఆవిరికి వస్తే, వేలితో గీసి చూడండి. లోపల గీత పడితే ఆవిరి లోపలిది, అప్పుడు ఏసీ వేసి, లోపలి గాలి తిప్పే బటన్ ఆపి, గాలిని అద్దం మీదికి పెట్టాలి. ఏసీ గాలిలోని తేమను తీసేస్తుంది. లోపల గీత పడకుండా వైపర్ వేస్తే పోతే ఆవిరి బయటిది. చల్లగాలి అద్దాన్ని చల్లబరిచి, బయటి తేమగాలి దాని మీద నీరవుతోంది. మీరు చెప్పింది ఇదే. గాలిని అద్దం మీద నుంచి కాళ్ల వైపు మళ్లించి, చల్లదనం తగ్గించి, వైపర్ ఒకసారి వేయండి.

పారదర్శి:

క్లే, పాలిష్ మొదలుపెట్టే ముందు అద్దంలో రాయి తగిలిన చిన్న చిల్లు ఉందేమో వెతకండి. ఉంటే అందులోకి సబ్బు, వినెగర్, కాంపౌండ్ ఏదీ పోకూడదు. పోతే తర్వాత రెజిన్ (చిల్లు పూడ్చే జిగురు) నింపినా పట్టదు, మచ్చగా మిగులుతుంది. పొడిగా తుడిచి పారదర్శకమైన టేపు అంటించి, రెజిన్ పని ముందు చేయించుకోండి. ఆ లోగా ఎండకు కాలిన అద్దం మీద చల్లటి నీళ్లు కుమ్మరించకండి, కూర్చోగానే ఏసీ గాలిని పూర్తి జోరులో అద్దానికి పెట్టకండి. చిల్లు అంచు నుంచి పగులు అక్కడే సాగుతుంది.